పిడికెడుకు ఎన్ని గ్రాములు?

నెల్లూరు,
18-1-1962.

ఇసకపాళెంలో తక్కెడ పట్టి ఊరేలుతున్న అక్క ఎస్తేరమ్మకు, తమ్ముడు హెబ్రోను వందనాలు.

నేను బాగున్నాను. నువ్వూ, తిమోతి బావా బాగున్నారనే అనుకుంటున్నాను. బాగాలేకపోతే ఈపాటికి నాకు తిట్లతో ఒక కార్డు వచ్చి ఉండేది.

అక్కా, నాకు ఉద్యోగం దొరికింది. తూనికలు కొలతల శాఖలో ప్రచారకుణ్ణి. ఒక జీపు, ఒక మైకు, తళతళలాడే కొత్త తూకపు రాళ్ళ పెట్టె ఇచ్చారు. ఊరూరా తిరిగి, దుకాణదారులను కూర్చోబెట్టి, వీశలూ సేర్లూ మాని కిలోలకు మారండని నచ్చచెప్పడం నా పని. ఏప్రిల్ మొదటి తేదీ నుంచి దేశమంతటా వీశ చెల్లదు. ఒక కిలోకు వెయ్యి గ్రాములు. అన్నీ పదులు, వందలు, వేలే. పలాలు, పదలాలు, ఏబలాలు అంటూ వేళ్ళు మడిచి తల గోక్కోవలసిన పని లేదు.

సముద్రం పక్క ఊళ్ళలో మొట్టమొదట మారిన దుకాణం నీదే కావాలని నా కోరిక. సొంత అక్కనే మార్చలేనివాడు ఊళ్ళను ఏం మారుస్తాడని మా ఆఫీసులో నవ్వుతారు. అయినా నీ పదలం రాయిని నేను చూశాను కదా. బావ వలకు కట్టే రాయికీ దానికీ తేడా కనిపెట్టడం నా వల్ల కాలేదు.

ఫిబ్రవరిలో జీపుతో వస్తాను. మీ ఊరి బడికి కొత్తగా వచ్చిన టీచరు గారికి కూడా నా వందనాలు చెప్పు. ఆమె పేరు పుష్పకుమారి అనుకుంటాను.

నీ తమ్ముడు,
హెబ్రోను.

ఇసకపాళెం,
25-1-1962.

గవర్నమెంటు వారి మైకు హెబ్రోనుకు, అక్క ఎస్తేరమ్మ ఆశీర్వదించి రాసేది.

ఉద్యోగం వచ్చినందుకు దేవుడికి స్తోత్రం. మీ బావకు చెబితే, "వాడికి నోరు పెట్టి సంపాదించే పని దొరికిందా, పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే గదా" అన్నాడు. సంతోషంతోనే అన్నాడు, ఏమీ అనుకోకు.

పేరు పుష్పకుమారి అనుకుంటావా? క్రిస్మస్‌కు వచ్చి ఉన్నన్నాళ్ళూ ఆ పిల్ల పాట నేర్పిస్తుంటే గుడి కిటికీ దగ్గర నిలబడి, నీకు రాని పాటను కూడా గొంతెత్తి పాడినావు. పేరు మాత్రం అనుకుంటున్నావు! సరే, నీ వందనాలు చెప్పాను. "ఎవరు, ఆ శ్రుతి తప్పినాయనా?" అని అడిగింది. గుర్తుపెట్టుకుంది కదా, సంతోషించు.

ఇక కిలోల సంగతి. నా పదలం రాయిని ఎగతాళి చేశావు. అది మా అత్తగారిది. ఆ రాయితోనే ఈ ఊరికి చింతపండూ మిరపకాయలూ తూచి ఆమె ముగ్గురు పిల్లలను పెంచింది. అందులో ఒకడు నీ బావ. మర్యాదగా మాట్లాడు. నేను మారనని చెప్పడం లేదు. నా దుకాణానికి వచ్చి వీశను తిట్టి కిలోను పొగిడితే నీ పప్పులు ఉడకవు. వీశకు మంచి మాట చెప్పి సాగనంపి, అప్పుడు కిలోను లోపలికి తీసుకురా.

వచ్చేటప్పుడు నెల్లూరు నుంచి మంచి ముక్కుపొడుం తీసుకురా. ఇక్కడ ఆడవాళ్ళందరూ నా ప్రాణం తోడుతున్నారు.

నీ అక్క,
ఎస్తేరమ్మ.

ఇసకపాళెం,
6-3-1962.

మా కొంప ముంచిన హెబ్రోనుకు, అక్క రాసేది.

ముందు మంచి కబురు చెబుతాను, గుండె నిబ్బరం చేసుకోవడానికి. నువ్వు వచ్చి వెళ్ళిన మర్నాటి నుంచి నా దుకాణం కిలోల దుకాణమైంది. మొదట్లో అందరూ కొట్లాటకే వచ్చారు. వడ్లు అమ్ముకుని ఎండు రొయ్యలు కొనడానికి పై ఊరి నుంచి వచ్చే ఆదిశేషమ్మ లేదూ, ఆమె కిలో రాయిని చేతిలో ఎగరేసి చూసి, "ఏందిమే ఎస్తేరమ్మా, రాయి చిన్నదైంది? సర్కారోళ్ళు పేరు మార్చి మా రొయ్యలు కాజేస్తా ఉండారా?" అని వీధంతా వినపడేట్టు అరిచింది.

నేను నోరు చేసుకోలేదు. తక్కెడకు ఒక పక్క పాత వీశ పెట్టాను, ఇంకో పక్క కిలో పెట్టాను. వీశ కిందికి పోయింది. "రాయి చిన్నదే తల్లీ. అందుకే వెల కూడా చిన్నదైంది" అని, ముల్లు నిటారుగా నిలబడే దాకా కిలో పక్కన చిన్న రాళ్ళు ఒక్కొక్కటే పెట్టి చూపించాను. ఎంత రాయి చేరిందో అంత వెల తగ్గించాను. ఆమె ముల్లు వంకా నా మొహం వంకా మార్చి మార్చి చూసి, "ఈ మాట ముందే చెప్పుండొచ్చు గదా" అని రెండు కిలోలు కట్టించుకుంది. ఆమె కొన్న తరువాత ఇంకెవరూ కిమ్మనలేదు. నీ మైకు కంటే ఆదిశేషమ్మ గొంతు నాకు ఎక్కువ పని చేసింది.

ఇప్పుడు నువ్వు చేసిన ఘనకార్యం విను. ఎలక్షన్ల రోజుల్లో జీపు వేసుకుని వచ్చావు. జనం ముందు నువ్వు ఓట్లకు వచ్చావనుకుని "ఏ గుర్తు నాయనా?" అని అడిగారు కదా. నీకు రోషం వచ్చింది. మైకు నోట్లో పెట్టుకున్నంత పని చేసి, "ముద్ర లేని కొలతతో ఇచ్చినా నేరమే, పుచ్చుకున్నా నేరమే! జుల్మానా! జైలు!" అని అరిచి వెళ్ళిపోయావు.

ఆ మాట మన సంఘం ఆడవాళ్ళ చెవిన పడింది. పిడికెడు బియ్యం ఆపేశారు.

నీకు గుర్తుందో లేదో, ఎసట్లో పోసే ముందు ప్రతి ఇంటావిడా ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన కుండలో వేస్తుంది, ఆదివారం ఆ కుండ గుడికి వస్తుంది. మన అమ్మ కూడా వేసేది. టీచరుకు జీతం మిషను వాళ్ళది, తిండిగింజలు సంఘానివి. ఆ ఒప్పందం మీదే మా ఊరికి బడి ఇచ్చారు. నీ ఉపన్యాసమైన తరువాతి ఆదివారం ఒక్క కుండ రాలేదు. ఏమిటమ్మా అని పాస్టరు గారు అడిగితే రెబెక్కమ్మ లేచి, "పిడికిలికి ముద్ర లేదు గదయ్యా. ఇచ్చినోళ్ళకూ జైలంట, పుచ్చుకున్నోళ్ళకూ జైలంట. మా సంగతి సరే, మిమ్మల్ని జైలుకు పంపిచ్చేదానికి మాకు మనసొప్పలా" అన్నది.

అప్పటి నుంచి అంతే. నేను నవ్వాలో ఏడవాలో తెలియక టీచరుకు మా ఇంట్లోనే అన్నం పెడుతున్నాను. పెట్టడానికి నాకేం బరువు కాదు. సంఘం బియ్యం ఇవ్వడం లేదని మిషను వాళ్ళకు తెలిస్తే మాత్రం ఆ పిల్లను ఉదయగిరి పక్కకు మార్చేస్తారు. బడి మూతపడుతుంది. ఏం చేస్తావో చెయ్యి.

నీ అక్క,
ఎస్తేరమ్మ.

నెల్లూరు,
10-3-1962.

అక్కకు,

నీ ఉత్తరం చదివి మొదట పడీ పడీ నవ్వాను. ఆఫీసులో అందరికీ వినిపించాను. ఉత్తరం చివరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

ఈ ఉత్తరాన్ని గుడిలో అందరికీ చదివి వినిపించు. చట్టం వ్యాపారానికి మాత్రమే వర్తిస్తుంది. అమ్మకానికీ, కొనుగోలుకూ వాడే తూనికలకే ముద్ర కావాలి. దేవుడికి ఇచ్చే కానుకతో మా శాఖకు ఏ సంబంధమూ లేదు. పాస్టరు గారిని ఎవరూ జైలుకు తీసుకుపోరు. పిడికెడు బియ్యం ఎప్పటిలాగే ఇవ్వవచ్చు. ఇది తూనికలు కొలతల శాఖ ప్రచారకుడిగా నా మాట.

ఇక్కడి నుంచి చదవొద్దు. ఉదయగిరి అంటే ఎంత దూరమో తెలుసా? ఎండాకాలంలో ఆ పక్క తాగడానికి నీళ్ళయినా దొరుకుతాయా? ఆ అమ్మాయికి సముద్రపు గాలి అలవాటైంది కదా? మిషను వాళ్ళు నిజంగానే మారుస్తారా, లేక ఊరికే బెదిరిస్తారా? ఆమె దిగులుగా ఉందా? నా మీద కోపంగా ఉందా? ఊరికే అడుగుతున్నాను. బడి మూతపడితే పిల్లలకు మెట్రిక్ లెక్కలు ఎవరు చెబుతారన్నదే నా బాధ.

హెబ్రోను.

ఇసకపాళెం,
3-4-1962.

పిల్లల లెక్కల కోసం బాధపడే హెబ్రోనుకు, అక్క రాసేది.

ఉత్తరం చదివి వినిపించాను. చదవొద్దన్నది చదవలేదు, నాకు నేను చదువుకుని నవ్వుకున్నాను.

నీ మాట సగమే నమ్మారు. రెబెక్కమ్మ ఏమన్నదో తెలుసా? "తమ్ముడు మంచోడే. పైవాళ్ళు మంచోళ్ళు కావాల గదా. ఎందుకైనా మంచిది, పిడికెడు ఎన్ని గ్రాములో తూచి ఆ లెక్కనే ఇస్తే ఎవురికీ ఇబ్బంది ఉండదు" అన్నది. అందరూ ఔనంటే ఔనన్నారు. మర్నాడు పొద్దున నా దుకాణం ముందు సంఘం ఆడవాళ్ళందరూ కొంగులో బియ్యం పోసుకుని వరసగా నిలబడ్డారు. బేరం చేయడానికి వచ్చినవాళ్ళు కాదు, ఎవరి పిడికెడు వాళ్ళు తూయించుకోవడానికి వచ్చారు.

తూచాను. అదే నేను చేసిన బుద్ధితక్కువ పని. ఏసుమణి చెయ్యి నీకు తెలుసు, వల లాగి లాగి చేటంత అయింది. ఆమె పిడికెడు ఎనభై గ్రాములు తూగింది. రెబెక్కమ్మది యాభై. ఇన్నేళ్ళూ ఎవరి పిడికెడు వాళ్ళకు పిడికెడే. ఎవరు ఎక్కువ ఇస్తున్నారో, ఎవరు తక్కువ ఇస్తున్నారో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పొద్దు అందరికీ తెలిసిపోయింది.

ఏసుమణి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఓహో, ఇన్నాళ్ళూ నేను ఎక్కవ ఏసి నువ్వు తక్కవ ఏస్తా వుంటే, గుళ్ళో ముందు చాప మీద కూర్చునేది మాత్రం నువ్వా?" అన్నది. "చెయ్యి చిన్నదిగా పుట్టిచ్చింది నేనా?" అని రెబెక్కమ్మ. మధ్యలో పడి విడదీయడానికి నా తల ప్రాణం తోకకు వచ్చింది.

చివరికి పాస్టరమ్మ గారు తీర్పు చెప్పారు. మనిషికి యాభై గ్రాములు, ఎవరూ పైన వేయకూడదు, కింద వేయకూడదు. పూటకోసారి తూచుకోవడానికి ఇంట్లో తక్కెడ ఉండదు కదా. మా దుకాణంలో అమ్మే పొడుం డబ్బా అంచు దాకా పోసి వేలితో చదును చేస్తే సరిగ్గా యాభై గ్రాములు పట్టింది. ఇంకేం, ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఖాళీ పొడుం డబ్బా ఉంది. ఇప్పుడు పొడుం డబ్బాతో దేవుడికి కొలిచి ఇస్తున్నారు.

దాని ఫలం విను. పెద్ద చెయ్యి చిన్నదైంది. చేపలు బాగా పడిన నాడు రెబెక్కమ్మే రెండు పిడికిళ్ళు వేసేది, ఇప్పుడు ఆమెకూ ఒక్క డబ్బానే. కుండల అడుగున బియ్యం కనపడడమే లేదు. అందులో సగం పొడుం కంపు. టీచరు అన్నం ముందు కూర్చుని తుమ్మి తుమ్మి కళ్ళు తుడుచుకుంటోంది. మొన్న మిషను నుంచి ఒక పెద్దాయన వచ్చి కుండ చూశాడు. ఈస్టరు నాటికి కుండ మునుపటిలా నిండకపోతే టీచరును ఉదయగిరి పంపుతామని చెప్పి వెళ్ళాడు. ఆ పిల్ల పెట్టె సర్దుకుంటోంది. పిల్లలకు పాటలన్నీ తొందర తొందరగా నేర్పేస్తోంది.

నేను ఒక ఉపాయం ఆలోచించాను. నీ శాఖ కాయితం మీద, "దేవుడి కానుకను కొలవడం నేరం, కొలిచినవాళ్ళకు జైలు" అని ఒక్క ముక్క రాసి ముద్ర గుద్ది పంపు. నీ జైలు మాటకు భయపడి ఆపినవాళ్ళు నీ జైలు మాటకే భయపడి ఇస్తారు.

నీ అక్క,
ఎస్తేరమ్మ.

నెల్లూరు,
7-4-1962.

అక్కకు,

నువ్వు చెప్పిన ముక్క రాయడానికి మూడుసార్లు కాయితం తీసుకుని కూర్చున్నాను. రాయలేకపోయాను. అది చట్టంలో లేదు. లేని చట్టాన్ని నేను రాస్తే, రేపు ఉన్న చట్టాన్ని చెప్పినా నన్ను ఎవరూ నమ్మరు. ఆదిశేషమ్మ కిలోను నమ్మింది నువ్వు తక్కెడలో నిజం చూపించావు కాబట్టే కదా. కోప్పడకు.

నిజమైన ముక్క ఒకటి ఉంది. అది వేరే కాయితం మీద నా పేరూ ఉద్యోగమూ వేసి రాసి పంపుతున్నాను: "పొడుం డబ్బాకు ప్రభుత్వ ముద్ర లేదు." అంతే. ఇందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. దీన్ని ఎలా వాడుకుంటావో నీ ఇష్టం. నువ్వు తెలివైనదానివి.

రెండో పేజీ నీకు మాత్రమే. ఎవరికీ చూపించకు.

అక్కా, నాకు పుష్పకుమారి అంటే ఇష్టం. క్రిస్మస్ నుంచి ఇష్టం. ఆమె పేరు నాకు అప్పుడే తెలుసు. ఫిబ్రవరిలో మైకు ముందు నేను అంత గొంతు చించుకున్నది జనం కోసం కాదు. ఆమె బడి గుమ్మంలో పిల్లలతో నిలబడి వింటోంది. పెద్ద అధికారిలా కనిపించాలని జుల్మానా అన్నాను, చాలలేదనిపించి జైలు కూడా అన్నాను. ఆ గొప్పల వల్లనే ఇవాళ ఆమె కంచంలో అన్నం కరువైంది. ఆమె వెళ్ళిపోతే నేను ఏమవుతానో నాకు తెలియదు. నన్ను చేసుకోకపోయినా ఫరవాలేదు, ఆ బడి వదిలి పోకుండా చూడు. చేసుకుంటే మాత్రం ఇంకా సంతోషం.

నీ తమ్ముడు,
హెబ్రోను.

ఇసకపాళెం,
24-4-1962.

నా తమ్ముడు హెబ్రోనుకు, ప్రేమతో అక్క రాసేది.

నీ ముక్కను దుకాణం గుమ్మానికి అతికించాను. ఏమీ చెప్పలేదు. బేరానికి వచ్చిన రెబెక్కమ్మ దాన్ని కూడబలుక్కుని చదివి, చేతిలో సరుకు చేతిలోనే ఉండగా నిలబడిపోయింది. "ఓయమ్మో! ముద్ర లేని కొలత అంటే పొడుం డబ్బానా! ఇన్ని దినాలూ దీంతోనేనా కొలిచి ఇస్తా ఉండాం!" అని ఇంటికి పరిగెత్తింది. సాయంత్రానికి ఊళ్ళో పొడుం డబ్బాలన్నీ పెంటకుప్పల మీద తేలాయి.

మళ్ళీ అందరూ నా దగ్గరికే వచ్చారు. ఏసుమణి నా కౌంటరు మీద చెయ్యి చాపి, "మరి దీనికి యాడుంది ముద్ర?" అని అడిగింది. నేను ఆ అరచెయ్యి తిప్పి చూపించి, "ఇన్ని గీతలు గీసి దేవుడు పంపించినాడు గదా, ఇంకేం ముద్ర కావాల?" అన్నాను. ఇది నా మాట. నీ శాఖ నెత్తిన రుద్దలేదు, భయపడకు.

అప్పుడు రెబెక్కమ్మ మెల్లిగా అడిగింది, తన చెయ్యి చిన్నది కదా, ఎట్లా అని. నేను నోరు తెరిచే లోపల ఏసుమణే, "నీ చేతికి ఎంత పడితే అంతే ఎయ్యిమే. మళ్ళా తూకానికి పోయినావంటే మాత్రం నేనూరుకోను" అన్నది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని నవ్వేశారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి, మిరపకాయల బస్తా పక్కన ఉంది కాబట్టి ఎవరూ అడగలేదు.

నువ్వు ఈస్టరు నాడు వచ్చి చూడవలసింది. కుండలు చాలక చేటల్లో తెచ్చారు. మంచి మొలగొలుకుల బియ్యం. ఇన్ని వారాలు కొలిచి ఇచ్చినందుకు మనసు పీకి, అందరూ పిడికెడు మీద పిడికెడు వేశారు. మిషను పెద్దాయన ఆ రాశి చూసి నోరెళ్ళబెట్టి, ఉదయగిరి మాట ఎత్తకుండా భోంచేసి వెళ్ళాడు. నా దుకాణంలో కిలోలు కిలోలుగానే సాగుతున్నాయి. అమ్మేది తక్కెడతో, ఇచ్చేది చేత్తో. మా ఊళ్ళో ఆ రెండూ ఇక కలవవు.

ఒక్క సంగతి. ఎవరికీ చూపించకు అన్నావు కదా, రెండో పేజీ. పుష్పకుమారి చేతిలో పెట్టాను. తిట్టుకో. నేను అక్కను, పోస్టుపెట్టెను కాదు. ఆమె చదివి, మడిచి, బడికి వెళ్ళి పిల్లలకు లెక్కలు చెప్పింది. ఇవాళ పొద్దున అంటించిన కవరొకటి నా చేతికిచ్చి నీకు పంపమన్నది. నేను విప్పలేదు. దీపం ముందు పెట్టి చూశాను గానీ ఏమీ కనపడలేదు.

నీ అక్క,
ఎస్తేరమ్మ.

ఇసకపాళెం,
24-4-1962.

హెబ్రోను గారికి,

పుష్పకుమారి వందనాలు. మీ రెండో పేజీ అందింది. మొదటి పేజీలో ఏముందో నాకు తెలియదు, అక్కర కూడా లేదు.

ఆ రోజు మైకులో మీరు జైలు అన్నప్పుడు నాకు మీరు అధికారిలా కనిపించలేదు. మా మూడో క్లాసు పిల్లలు పలకలు పగలగొట్టుకునే ముందు అలాగే అరుస్తారు. నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్ళిపోయాను. మీరు అది గమనించలేదని ఇప్పుడు తెలిసింది.

పెట్టె సర్దుకున్న రోజుల్లో మీ మీద కోపం వచ్చిన మాట నిజం. ఈ ఊరు వదలాలంటే నాకు ఏడుపు వచ్చింది. పెట్టెలో బట్టలు పెట్టడం, మళ్ళీ తీయడం, ఇదే పని. అన్నిటికంటే మీరు ఒక్కసారి కూడా రాకపోవడం బాధనిపించింది. అది కూడా రాస్తున్నాను, మీరు రాశారు కాబట్టి.

నెల్లూరికి మాత్రం నేను రాలేను. ఇక్కడి అమ్మలు ఎసట్లో పోసుకునే బియ్యంలోంచి తీసి నన్ను నిలబెట్టుకున్నారు. ఆ బడికి తాళం వేసి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోతే వాళ్ళ మొహం చూడలేను. మీకు జీపు ఉంది, ఈ ఊరికి రోడ్డు ఉంది. కావాలంటే మీరే రావాలి.

ఇంకో సంగతి. ఈస్టరు నాడు వచ్చిన బియ్యం నేను ఒక్కదాన్నే తినాలంటే ఎన్నాళ్ళకూ తరగవు. మీరు పూటకు ఎంత తింటారని ఎస్తేరమ్మక్కను అడిగాను. "అది మాత్రం కొలవొద్దు తల్లీ" అన్నది.

వచ్చే ఆదివారం ఆరాధన అయిన తరువాత, కొలవకుండానే ఎసట్లో పోస్తాను. భోజనానికి రండి.

పుష్పకుమారి.